సైలెంట్ మోడ్‌లో కచేరీ: ఎలక్ట్రానిక్ షట్టర్ ఎక్కడ ఆదుకుంది, ఎక్కడ ముంచింది

మూసిన హాలులో రెండు భాగాల కార్యక్రమం. మొదటి భాగం పియానో, వయొలిన్ కచేరీ. షట్టర్ చప్పుడు వినపడకూడదన్నది నిర్వాహకుల షరతు. రెండో భాగం సమూహ నృత్యం, వెనక పెద్ద ఎల్ఈడీ తెర. చివర్లో బహుమతుల ప్రదానం. అక్కడ మరో ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ కూడా వెలుగుతూ ఉంటుంది. వాడినవి రెండు ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలు. మొదటిది మామూలు సీమాస్ సెన్సర్‌తో 24 మెగాపిక్సెల్ కెమెరా, రెండోది స్టాక్డ్ సెన్సర్ (చదివే సర్క్యూట్లను వెనక పొరగా చేర్చిన, వేగంగా చదివే సెన్సర్) ఉన్నది. రెండింటినీ మొదటి నుంచి చివరి దాకా సైలెంట్ మోడ్‌లోనే, అంటే పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్‌తో నడిపారు.

శబ్దం విషయంలో ఎవరికీ ఫిర్యాదు లేదు. ఫైళ్లు తెరిచాక మాత్రం మొదటి కెమెరా ఫ్రేములు చాలావాటిలో అడ్డంగా చారలు కనిపించాయి. నృత్యంలో కొందరి శరీరాలు పక్కకు ఒరిగాయి. బహుమతుల ఫొటోల్లో కొన్నిటికి మధ్యలో తెల్లటి పట్టీ పడింది. చూడటానికి మూడు వేర్వేరు జబ్బులే అయినా మూలం ఒక్కటే. కెమెరా మీద కనిపించని ఒక అంకె, సెన్సర్ రీడౌట్ సమయం, అంటే పిక్సెళ్ల వరుసలన్నిటినీ చదవడానికి సెన్సర్‌కు పట్టే సమయం.

షట్టర్ స్పీడ్ 1/250 అని పెడితే ఒక్కో వరుస పిక్సెళ్ల మీద 4 మిల్లీసెకన్లు వెలుగు పడుతుంది. ఆ డయల్ చెప్పేది అంతవరకే. మొదటి వరుసకూ చివరి వరుసకూ మధ్య ఎంత ఆలస్యముందో అది చెప్పదు. మెకానికల్ షట్టర్‌లో సెన్సర్ ముందు జారే తెరలు ఫ్రేమ్ ఎత్తంతా దాటడానికి ఇంచుమించు 3 నుంచి 4 మిల్లీసెకన్లు పడుతుంది. ఫ్లాష్ సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో వాడగల అత్యధిక షట్టర్ స్పీడ్) 1/200, 1/250 దగ్గర ఆగిపోవడానికి కారణం అదే. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో తెరలు ఉండవు. సెన్సర్ ఒక వరుసను ఖాళీ చేసి, అనుకున్న సమయం గడిచాక దాన్ని చదివి, తర్వాతి వరుసకు పోతుంది. మొదటి కెమెరాలో ఇలా 4000 వరుసలు చదవడానికి 62 మిల్లీసెకన్లు పడుతున్నట్టు తేలింది. అంటే దాదాపు 1/16 సెకను, వరుసకు 15.5 మైక్రోసెకన్లు. రెండో కెమెరాకు మొత్తం కలిపి 4 మిల్లీసెకన్లే. మిగతా కథంతా ఈ రెండు అంకెల మధ్య తేడాయే.

చారలు ఎక్కడి నుంచి వచ్చాయి

కచేరీ భాగంలో 1/250 దగ్గర తీసిన ఫ్రేముల్లో వెడల్పాటి చీకటి, వెలుగు పట్టీల జతలు ఆరు కనిపించాయి. 50 హెర్ట్జ్ విద్యుత్తు మీద నడిచే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతాయి. 62 మిల్లీసెకన్లలో అలాంటివి 6.2 చక్రాలు పడతాయి. పట్టీల లెక్క సరిగ్గా దానికే సరిపోయింది. 60 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట మెరుపులు 120 అవుతాయి కాబట్టి ఇదే కెమెరాకు ఏడుకు పైగా పట్టీలు పడతాయి.

షట్టర్ స్పీడ్ తగ్గిస్తే చాలు పోతాయని చాలామంది అనుకుంటారు. తగ్గించడమొక్కటే సరిపోదు, ఎక్స్‌పోజర్ సమయం (ఒక్కో వరుస మీద వెలుగు పడే సమయం) దీపం చక్రానికి పూర్ణ గుణిజం కావాలి. 1/100 దగ్గర ప్రతి వరుసకూ కచ్చితంగా ఒక పూర్తి చక్రం వెలుగు అందుతుంది, ఎప్పుడు మొదలైనా సరే. అందుకే పట్టీ మాయమవుతుంది. 1/50 దగ్గర రెండు చక్రాలు, అదీ మంచిదే. మధ్యలో ఉన్న 1/60 మాత్రం 1/100 కంటే నెమ్మది అయినా దానికంటే చెడ్డది. వెలుగు సైన్ తరంగంలా మారుతుందనుకుని లెక్కేస్తే, 1/250 దగ్గర అసలు ఊగిసలాటలో ముప్పావు వంతు ఫొటోలో మిగులుతుంది, 1/125 దగ్గర పావు వంతు, 1/60 దగ్గర ఆరో వంతు, 1/100 దగ్గర సున్నా. ఇక్కడో చిన్న మెలిక. కెమెరాలో ఎక్స్‌పోజర్ అడుగులు అర స్టాపుల్లో (వెలుగు రెట్టింపు కావడమో సగం కావడమో ఒక స్టాప్) ఉంటే 1/100 దొరకదు, 1/90 వస్తుంది. దానితో పదో వంతు ఊగిసలాట మిగిలి, నున్నటి గోడ మీద తెలిసిపోతుంది. మూడో వంతు స్టాపులకు మార్చుకుంటే సరి.

హాలు దీపాలకు 1/100 మందు కుదిరింది. అయినా స్టేజీ దీపాల కింద తీసిన ఫ్రేముల్లో సన్నటి గీతలు మిగిలిపోయాయి. వాటిని పైనుంచి కిందకు లెక్కపెడితే 40. 40ని 0.062తో భాగిస్తే 645 హెర్ట్జ్. ఇది విద్యుత్ సరఫరా నుంచి వచ్చింది కాదు. ఎల్ఈడీ స్టేజీ దీపాలు కాంతిని తగ్గించేటప్పుడు కరెంటును చకచకా ఆపుతూ, మళ్లీ ఇస్తూ ఉంటాయి. దాన్నే పీడబ్ల్యూఎం (పల్స్ విడ్త్ మాడ్యులేషన్) అంటారు. 1/100 సెకనులో 645 హెర్ట్జ్‌వి 6.45 చక్రాలు పడతాయి. అంటే కొన్ని వరుసలకు ఆరు మెరుపులు, కొన్నిటికి ఏడు. తేడా దాదాపు 0.2 స్టాప్. కంటికి కొట్టొచ్చినట్టు కనపడదు గానీ, ఎడిటింగ్‌లో నల్ల కోటు మీద నీడల్ని వెలుగులోకి లేపగానే బయటపడుతుంది.

ఈ దీపానికి 1/160 బాగా నప్పుతుంది. 6.25 మిల్లీసెకన్లలో నాలుగు చక్రాలు దాదాపు కచ్చితంగా ఇముడుతాయి. కానీ 1/160కి మారగానే హాలు దీపాల వెడల్పు పట్టీలు సగం బలంతో తిరిగొస్తాయి. రెండు రకాల దీపాలు కలిసి వెలుగుతున్నచోట ఒకే స్పీడ్ రెండింటినీ మెప్పించడం కష్టం. ఈ సందర్భంలో రాజీ 1/50. 100 హెర్ట్జ్‌వి సరిగ్గా రెండు, 645 హెర్ట్జ్‌వి 12.9. మిగిలే తేడా 0.1 స్టాప్ దగ్గర ఉంటుంది. పియానో ముందు కదలకుండా కూర్చున్న మనిషికి 1/50 చాలు. వయొలిన్ కమాను పట్టిన చెయ్యి మాత్రం మసకబారుతుంది. కమాను దిశ మారే క్షణంలో చెయ్యి ఒక్క రెప్పపాటు ఆగుతుంది, అక్కడ నొక్కితే ఫ్రేమ్ దక్కుతుంది.

కెమెరా వైపు నుంచి కుస్తీ పట్టేకంటే దీపాల ఆపరేటర్‌ను ముందే కలవడం మేలు. స్టేజీ ఎల్ఈడీల్లో చాలావాటికి మెనూలోనే పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీ ఎంపిక ఉంటుంది. కొన్ని వేల హెర్ట్జ్‌కు పెంచితే ఒక్కో వరుసకు పడే మెరుపుల సంఖ్య ఎంతో పెరిగి, ఒకటి అటూ ఇటూ అయినా తేడా తెలియదు. ఇంకో సంగతి. దీపం పూర్తి కాంతితో వెలుగుతున్నప్పుడు పీడబ్ల్యూఎం కోత ఉండదు కనుక గీతలూ ఉండవు. రిహార్సల్‌లో దీపాలన్నీ పూర్తిగా వేసి పరీక్షించి ‘అంతా బాగుంది’ అనుకుంటే, అసలు కార్యక్రమంలో కాంతి 20 శాతానికి దించగానే గీతలు ప్రత్యక్షమవుతాయి. పరీక్ష ఎప్పుడూ వాడబోయే కాంతి మట్టంలోనే చేయాలి. రంగుల దీపాల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా తగ్గుతాయి కాబట్టి గీతలు కూడా రంగు రంగులుగా పడతాయి. వాటిని ఎడిటింగ్‌లో సరిచేయడం దాదాపు వృథా ప్రయాస.

రెండో కెమెరాలో ఇవే దీపాల కింద కథ వేరు. 4 మిల్లీసెకన్లలో 100 హెర్ట్జ్ చక్రం సగం కూడా పడదు. కాబట్టి పట్టీలు రావు. బదులుగా ఫ్రేమ్ పైభాగం ఒక తీరుగా, కింది భాగం మరో తీరుగా, ఒక ఫ్రేమ్ వెలుగ్గా, తర్వాతిది ముదురుగా వస్తుంది. నిజానికి మెకానికల్ షట్టర్‌లోనూ ఇలాగే జరుగుతుంది, దాని తెర ప్రయాణమూ అంతే సమయం కదా. ఫ్లికర్ (దీపాల మినుకు) తగ్గించే మోడ్ ఉంటే కెమెరా వెలుగు శిఖరం కోసం ఆగి నొక్కుతుంది. అది 100, 120 హెర్ట్జ్‌కే పనికొస్తుంది. పీడబ్ల్యూఎం దీపాలకు కావలసింది షట్టర్ స్పీడ్‌ను సన్నటి అడుగుల్లో, 1/161.3 లాంటి అంకెల దాకా తిప్పుకునే సదుపాయం. కొత్త కెమెరాలు కొన్నిటిలో ఇది ఉంది. వ్యూఫైండర్‌లో గీతలు కదలడం ఆగి కరిగిపోయే దాకా డయల్ తిప్పడమే పద్ధతి.

ఒరిగిన నర్తకులు

నృత్యం ఫ్రేములన్నీ 1/1000 దగ్గర తీసినవి. అంచులు పదునుగా ఉన్నాయి, మసక ఎక్కడా లేదు. అయినా అడ్డంగా దూకిన నర్తకి పక్కకు వాలినట్టు వచ్చింది. ఎక్స్‌పోజర్ తక్కువైతే మసక పోతుంది, వాలు పోదు. ఎందుకంటే వాలు పుట్టేది రీడౌట్ నుంచి.

లెక్క ఇలా ఉంటుంది. నర్తకి తల నుంచి పాదం వరకు ఫ్రేమ్ ఎత్తులో 60 శాతం ఆక్రమించింది. 62లో 60 శాతం, 37 మిల్లీసెకన్లు. సెకనుకు 4 మీటర్ల వేగంతో అడ్డంగా కదిలితే ఆ లోపు 15 సెంటీమీటర్లు జరుగుతుంది. 1.7 మీటర్ల మనిషికి అది 5 డిగ్రీల వాలు. అదే రెండో కెమెరాలో 1 సెంటీమీటరు. అది ఎవరికీ కనపడదు. నిలువు ఫ్రేమ్‌లో వాలు ఉండదు, శరీరమే సాగుతుంది లేదా నొక్కుకుపోతుంది. చదివే దిశ అప్పుడు అడ్డంగా మారుతుంది కనుక, ఫ్రేమ్ వెడల్పు 2.5 మీటర్లయితే రీడౌట్ సెకనుకు 40 మీటర్ల వేగంతో ఆ వెడల్పును దాటుతుంది. ఆ దిశలోనే 4 మీటర్ల వేగంతో వెళ్లే మనిషి దాదాపు పదో వంతు లావెక్కుతాడు, ఎదురుగా వస్తే అంతే సన్నబడతాడు. నర్తకులు తమ ఫొటోలు చూసుకుని ‘ఇది నేను కాదు’ అనడానికి ఈ పది శాతం చాలు.

కెమెరాను తిప్పుతూ తీసినా ఇదే గొడవ. మనిషి నిటారుగా ఉండి వెనకున్న స్తంభాలు వాలుతాయి. స్తంభాలు లేని నల్ల తెర ముందైతే ఎవరూ గుర్తించరు. డ్రమ్ము కర్రలు, వేగంగా తిరిగే చేతులు వంగినట్టు వస్తాయి. ఈ వంపును సాఫ్ట్‌వేర్‌లో నమ్మకంగా వెనక్కు తిప్పలేం, ఎందుకంటే ఒకే ఫ్రేమ్‌లో ఒక్కో భాగం ఒక్కో వేగంతో కదిలి ఉంటుంది. మొదటి కెమెరాను ఏపీఎస్-సీ క్రాప్‌లో (సెన్సర్ మధ్య భాగాన్ని మాత్రమే వాడే మోడ్) పెడితే చదవాల్సిన వరుసలు మూడింట రెండు వంతులకు తగ్గి, రీడౌట్ 41 మిల్లీసెకన్ల దగ్గరికి వస్తుంది. కానీ అదే దృశ్యాన్ని ఫ్రేమ్ నిండా పట్టుకుంటే 5 డిగ్రీల వాలు 3.3కు దిగుతుందంతే. పిక్సెళ్లు సగానికి పైగా పోగొట్టుకుని ఆ లాభం తెచ్చుకోవడం దండగ.

మరొకరి ఫ్లాష్, వెనక తెర

తెల్ల పట్టీ వ్యవహారం తేలిక. ఫ్లాష్ వెలుగు మిల్లీసెకను కంటే తక్కువ సేపే ఉంటుంది. ఆ క్షణంలో మేలుకుని ఉన్న వరుసలకే అది అందుతుంది. 1/250 దగ్గర ఒకేసారి మేలుకునే వరుసలు 4000లో 258. అందుకే ఫ్రేమ్ ఎత్తులో పదిహేనో వంతు మందాన పట్టీ పడింది. ఒక్కోసారి అది సరిగ్గా ముఖం మీదే పడుతుంది. మన ఫ్లాష్ వాడదామన్నా, అన్ని వరుసలూ ఒకేసారి మేలుకునేది ఎక్స్‌పోజర్ 62 మిల్లీసెకన్లు దాటినప్పుడే, అంటే 1/15 లేదా ఇంకా నెమ్మదిగా. అందుకే చాలా కెమెరాలు ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఫ్లాష్‌ను పూర్తిగా ఆపేస్తాయి. సిగ్మా ఎఫ్‌పీకి మెకానికల్ షట్టర్ అసలు లేదు, దాని ఫ్లాష్ సింక్ 1/30 దగ్గరే ఆగిపోతుంది. 2021లో వచ్చిన నికాన్ జెడ్9కూ మెకానికల్ షట్టర్ లేదు, కానీ దాని స్టాక్డ్ సెన్సర్ వేగం వల్ల 1/200 సింక్ సాధ్యమైంది.

ఎల్ఈడీ తెర ఒకేసారి మొత్తం వెలగదు. దాని వరుసలు వంతుల వారీగా వెలుగుతాయి. 1/1000 లాంటి చిన్న ఎక్స్‌పోజర్‌లో కొన్ని పట్టీలు నల్లగా ఉండిపోతాయి. 1/100కి దిగితే దాదాపు పోతాయి. తెర రిఫ్రెష్ రేటు 1920 కాకుండా 3840 హెర్ట్జ్ అయితే ఇంకాస్త వెసులుబాటు. సింగిల్ చిప్ డీఎల్‌పీ ప్రొజెక్టర్ వాడే వేదికల్లో పరిస్థితి మరీ ఘోరం. రంగులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కాబట్టి ఫొటోలో ఇంద్రధనుస్సు చారలు పడతాయి. అక్కడ ఎలక్ట్రానిక్ షట్టర్ ఆలోచనే వద్దు.

లేజర్లు ఉన్న వేదికపై మెకానికల్ షట్టర్ సెన్సర్‌ను కాపాడుతుందని ఒక అపోహ ఉంది. మిర్రర్‌లెస్ కెమెరాలో వ్యూఫైండర్ చూస్తున్నంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది. లేజర్ కిరణం నేరుగా లెన్స్‌లోకి దిగితే ఏ షట్టర్ అయినా ఒకటే.

దక్కినవి

కచేరీ భాగంలో నిశ్శబ్దం వల్ల వచ్చిన ఫ్రేములు మరో దారిలో వచ్చేవి కావు. పియానో నెమ్మదించిన చోట, స్వరానికీ స్వరానికీ మధ్య ఆగిన చోట నొక్కగలగడం ఈ షట్టర్ ఇచ్చిన అసలైన లాభం. ఇందుకు షట్టర్ ఒక్కటే నోరు మూసుకుంటే చాలదు. ఫోకస్ బీప్ ఆపాలి, ఫోకస్ సాయం దీపం ఆపాలి, ఫొటో తీసిన వెంటనే తెర మీద ప్రివ్యూ రావడం ఆపాలి. కొన్ని లెన్సుల అపెర్చర్ (వెలుగును లోపలికి వదిలే రంధ్రం) ఫ్రేమ్ తీసిన ప్రతిసారీ టిక్కుమంటుంది. పూర్తిగా తెరిచిన అపెర్చర్‌తో తీస్తే ఆ చప్పుడూ తగ్గుతుంది. శబ్దం లేనందున ఫొటో పడిందో లేదో తెలియదు కాబట్టి వ్యూఫైండర్ అంచుల్లో చట్రం మెరిసే ఎంపిక ఆన్ చేసుకోవాలి. లేకపోతే బర్స్ట్ మోడ్‌లో (వరసగా తీసే మోడ్) వందల ఫ్రేములు తెలియకుండానే పేరుకుపోతాయి.

కంపనం లేకపోవడం రెండో లాభం. టెలిఫొటో లెన్స్‌తో 1/60 నుంచి 1/200 మధ్య మెకానికల్ తెర కొట్టే దెబ్బకు వచ్చే సన్నటి మసక ఇక్కడ పుట్టదు. ఆ ఒక్క అవసరానికైతే మొదటి తెర మాత్రమే ఎలక్ట్రానిక్‌గా ఉండే మోడ్ చాలు. దాంట్లో రీడౌట్ తిప్పలు లేవు, మూసే తెర చప్పుడు మాత్రం ఉంటుంది. ఎఫ్/1.4 లాంటి పెద్ద అపెర్చర్ లెన్స్‌తో 1/2000 దాటితే ఆ మోడ్‌లో వెనక మసక వలయాలు కోసినట్టు వస్తాయి, అప్పుడు పూర్తి మెకానికల్‌కు మారాలి. పట్టపగలు పెద్ద అపెర్చర్‌తో తీసేవారికి 1/8000 నుంచి 1/32000కు పెరగడం రెండు స్టాపుల లాభం. ఈ హాలులో దాని ఊసే రాలేదు. తెరలు అరగకపోవడం కూడా లాభమే, బర్స్ట్‌లో ఎక్కువ తీసేవారికి.

ఫైలు నాణ్యత గురించి ఒక మాట. సెన్సర్ ప్రతి పిక్సెల్ వోల్టేజీని కొలవడానికి మెట్టు మెట్టుగా పోల్చుతుంది. 14 బిట్లకు 16384 మెట్లు, 12 బిట్లకు 4096. మెట్లు తగ్గితే చదవడం వేగం అవుతుంది. అందుకే కొన్ని కెమెరాలు ఎలక్ట్రానిక్ షట్టర్‌లో చెప్పకుండా 12 బిట్లకు దిగుతాయి. క్యానన్ ఆర్5లో ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీసిన రా ఫైలు (సెన్సర్ డేటాను అలాగే దాచే ఫైలు) 12 బిట్లే. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) 100 దగ్గర లోతైన నీడల్ని నాలుగైదు స్టాపులు లేపితే తేడా బయటపడుతుంది. ఈ కచేరీలో వాడిన ఐఎస్ఓ 3200 దగ్గర మాత్రం నాయిస్ (ఫొటోలో చుక్కల్లా కనిపించే అలజడి) ఒక మెట్టు కంటే పెద్దది, తేడా వెతికినా దొరకదు.

రీడౌట్ కొలిచే పద్ధతి

ఒక ఆర్డ్యూనో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) పిన్‌కు 220 ఓమ్ రెసిస్టర్, తెల్ల ఎల్ఈడీ కలిపి, టోన్ ఫంక్షన్‌తో 500 హెర్ట్జ్ ఇవ్వాలి. లెన్స్ తీసి, ఎల్ఈడీని మౌంట్‌కు కొంచెం దూరంలో పట్టుకుంటే వెలుగు సెన్సర్ మొత్తం మీద పరుచుకుంటుంది. షట్టర్ 1/4000, ఐఎస్ఓ చారలు స్పష్టంగా కనిపించేంత. అడ్డ ఫ్రేమ్‌లో ఒక ఫొటో తీసి, పైనుంచి కిందకు వెలుగు, చీకటి జతలు లెక్కపెట్టాలి. 31 జతలు వస్తే 31ని 500తో భాగించగా 0.062 సెకను. చివర్లో మిగిలిన అర చారను వదిలేయకుండా కలుపుకోవాలి. వేగమైన సెన్సర్‌కు 500 హెర్ట్జ్‌తో రెండు చారలే వస్తాయి, 5000కి పెంచి కొలిస్తే కచ్చితత్వం వస్తుంది. సింగిల్ షాట్‌లో ఒకసారి, బర్స్ట్‌లో ఒకసారి, కంప్రెస్డ్ రా, అన్‌కంప్రెస్డ్ రా విడివిడిగా కొలవాలి. కొన్ని కెమెరాల్లో ఇవి వేర్వేరు. లెన్స్ లేకుండా తీయడానికి మెనూలో అనుమతి ఇవ్వాల్సి ఉంటుంది. దుమ్ము లేని గదిలో చేయడం మంచిది.

మళ్లీ ఇలాంటి కార్యక్రమానికి

కచేరీ భాగం రెండు కెమెరాలతోనూ ఎలక్ట్రానిక్‌గానే తీయాలి. మొదటిదానికి 1/100 లేదా 1/50 తప్ప మరో స్పీడ్ వద్దు. నృత్యం మొదలవగానే మొదటి కెమెరా మెకానికల్‌కు మారాలి. సంగీతం హోరులో ఆ చప్పుడు ఎవరికీ పట్టదు. రెండోది ఎలక్ట్రానిక్‌లోనే ఉండొచ్చు, షరతల్లా పీడబ్ల్యూఎం గీతల మీద ఒక కన్నేసి ఉంచడమే.

అన్ని వరుసల్నీ ఒకేసారి మూసే గ్లోబల్ షట్టర్ వస్తే ఈ తలనొప్పులు చాలావరకు పోతాయి. 2023 నవంబరులో ప్రకటించిన సోనీ ఏ9 మార్క్ త్రీ అలాంటిదే. వాలు లేదు, 1/80000 దాకా ఫ్లాష్ సింక్ ఉంది. బదులుగా బేస్ ఐఎస్ఓ (మామూలుగా వాడే అతి తక్కువ ఐఎస్ఓ) 100 నుంచి 250కి పెరిగింది, ఎందుకంటే ప్రతి పిక్సెల్‌లో కొంత చోటు విద్యుదావేశాన్ని దాచడానికి పోయింది. ఈ ఆలోచన కొత్తదేం కాదు. 2004 నాటి నికాన్ డీ70 సీసీడీ అనే పాత రకం సెన్సర్‌తో ఎలక్ట్రానిక్‌గానే 1/500 సింక్ ఇచ్చింది. అయితే గ్లోబల్ షట్టర్ కూడా ఫ్లికర్‌ను చెరిపేయదు. చారలు ఉండవు గానీ ఒక ఫ్రేమ్ వెలుగుగా, మరొకటి చీకటిగా రావడం దానికీ తప్పదు.

బహుమతుల ప్రదానానికి రెండు కెమెరాలూ మెకానికల్. మొదటి కెమెరాలో షట్టర్ రకం మార్చే ఎంపికను ఒక కస్టమ్ బటన్‌కు కేటాయించి, 1/100 తో ఎలక్ట్రానిక్ ఒక మెమరీ స్లాట్‌లో, 1/1000 తో మెకానికల్ మరో స్లాట్‌లో ముందే భద్రపరచాలి. చీకట్లో మెనూ వెతుక్కునే వ్యవధి ఉండదు, మెనూ తెరిస్తే కెమెరా వెనక తెర వెలుగు ముందు వరుస ప్రేక్షకుల కళ్లలో పడుతుంది.